ఏఐ వచ్చాక స్టేజీ మీద పాడేవాళ్ళ పని అయిపోయినట్టేనా?

"ఇప్పుడు బాలు గొంతుతో ఏ పాటైనా పాడించేస్తున్నారు, ఇంకా ఆర్కెస్ట్రాలు ఎవరికి కావాలి?" అని కూడా అడిగారు ప్రశ్నలో. నేను విశాఖలో 30 ఏళ్ళుగా ఆర్కెస్ట్రాలో ప్యాడ్స్ (కర్రలతో కొట్టే ఎలక్ట్రానిక్ డ్రమ్స్) వాయిస్తున్నాను. టర్నర్ సత్రంలో పెళ్ళిళ్ళ దగ్గర్నుంచి ఉక్కునగరం నవరాత్రుల దాకా మేము స్టేజీ ఎక్కని చోటు తక్కువ. టెక్నాలజీ గురించి నాకేం తెలుసు అనుకునేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు.

పోయినేడు వినాయక చవితికి గాజువాక వైపు ఓ కాలనీలో ప్రోగ్రాం. మా మెయిన్ సింగర్‌ని ట్రూపులో అందరం అన్నయ్య అంటాం. బాలు పాటలే ఆయన బతుకు. ఫ్లెక్సీ మీద ఆయన పేరు కంటే బాలు గారి ఫొటోనే పెద్దగా ఉంటుంది, దానికి ఆయనేం బాధపడడు. కోవిడ్ వచ్చి తగ్గాక మాత్రం దమ్ము పడిపోయింది. పొడుగు లైన్లలో మధ్యలో ఓ చోట దొంగతనంగా ఊపిరి తీసుకుంటాడు. అది జనానికి తెలియకుండా అక్కడ నేనో చిన్న రోల్ వేసి కప్పేస్తాను. మా ఇద్దరి మధ్య ఒప్పందం అది.

రాత్రి 10 దాటితే మైకు కట్టేయాలి కాబట్టి ఏడింటికే మొదలెట్టాం. తొమ్మిదవుతుండగా కమిటీ కుర్రాడొకడు ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చాడు. ఇంజనీరింగ్ చదువుతున్నాడట. "అంకుల్, ఒక సర్‌ప్రైజ్ ఉంది, మా పాటలు రెండు వేస్తాం" అని మా మిక్సర్‌కే వైరు పెట్టేశాడు. ఎల్‌ఈడీ స్క్రీన్ మీద బాలు గారి బొమ్మ, దానికో దండ. పాటేమో ఆయన పోయాక వచ్చిన సినిమాది. 2020 సెప్టెంబర్ 25న పోయిన మనిషి, ఆ తర్వాతెప్పుడో వచ్చిన పాట పాడుతున్నాడు. అబద్ధం ఎందుకు, నాకూ ఒళ్ళు జలదరించింది. ముందు వరసలో ఓ పెద్దావిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. మిగతావాళ్ళు సరేసరి, ఫోన్లు పైకెత్తారు. (ఈ ఫోన్ల గురించి వేరే జవాబు రాయాలి. ఎదురుగా మనిషి పాడుతుంటే స్క్రీన్‌లో చూడటమేంటో నాకు ఈ జన్మకి అర్థం కాదు.)

అన్నయ్య స్టేజీ పక్కన టీ గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు. పల్లవి రెండో లైన్ దగ్గర నా వైపు తిరిగాడు.

"ఒరే, అక్కడ ఊపిరి తీసుకున్నాడేటి?"

"ఎవరన్నయ్యా?"

"బాలు గారు."

నిజమే. మాట మధ్యలో తెగింది. ఊపిరి ఎక్కడ తీసుకున్నాడో పట్టనివ్వని మనిషి బాలు గారు, ఆ విద్య చూపించడానికే ప్రత్యేకంగా పాటలు కట్టారు ఆయనకి. అలాంటాయన అక్కడ ఆగడమేంటి? చరణం వచ్చేసరికి అన్నయ్య పెదాలు కదులుతున్నాయి. స్పీకర్‌లో గొంతు ఎక్కడ తెగుతుందో ఆయన అంతకు ముందే ఆగుతున్నాడు. చివర్లో ఓ పదం తప్పు పడింది, రెండో చరణంలో మాట మొదటి చరణంలోకి వచ్చేసింది. టీ గ్లాసు బాక్సు మీద పెట్టి, "ఇది నేనేరా" అన్నాడు.

కుర్రాణ్ణి అడిగితే ఏమాత్రం మొహమాటం లేదు, పైగా గర్వం. "అవునంకుల్, కిందటి చవితికి మీరు చేసిన ప్రోగ్రాం వీడియోలోంచే తీశా" అన్నాడు. మ్యూజిక్ వేరు, గొంతు వేరు చేసే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉందట. అలా విడదీసిన అన్నయ్య గొంతు మీద బాలు గారి గొంతు తొడిగాడు. ఎక్కడ సాగదీయాలి, ఎక్కడ విరవాలి, ఎక్కడ నవ్వాలి అంతా అన్నయ్యదే. పైన తొక్క ఒక్కటే మారింది.

ప్రశ్న అడిగినవాళ్ళు గమనించాల్సింది ఇక్కడే. మీరు వింటున్న ఈ గొంతు మార్పిడి పాటల వెనకాల ఎవరో ఒకరు పాడి ఉంటారు. వాడి పేరుండదు, వాడికి డబ్బులుండవు. ఏ.ఆర్. రెహమాన్ 2024లో చనిపోయిన ఇద్దరు గాయకుల గొంతులు ఏఐతో వాడినప్పుడు వాళ్ళ కుటుంబాలని అడిగి, డబ్బిచ్చి చేశానని చెప్పాడు. అదే ఏడాది బాలు గారి గొంతుని అడక్కుండా వాడారని ఆయన కొడుకు చరణ్ ఓ తెలుగు సినిమా వాళ్ళకి లీగల్ నోటీసు పంపాడు. అరిజిత్ సింగ్ బాంబే హైకోర్టుకెళ్ళి తన గొంతుని ఏఐతో నకలు చెయ్యకుండా ఆర్డర్ తెచ్చుకున్నాడు. బావుంది. అవన్నీ పేరున్న గొంతులు. కింద పాడినవాడి ఊపిరికి ఏ కోర్టుంది? మాటలు టైపు చేస్తే పాట మొత్తం వండిపెట్టేవి కూడా ఉన్నాయిలెండి, వాటికి యాడ్స్‌కి జింగిల్స్ చేసేవాళ్ళు భయపడాలి. మా జనం వాటికి లేచి ఈల వెయ్యరు, నేను రాసిస్తాను.

నేనేదో పత్తిత్తునని అనుకోకండి. 1990ల్లో నేను ట్రూపులో చేరేటప్పటికి తబలా, ఢోలక్, కాంగో, డ్రమ్స్ నలుగురు నాలుగు వాయించేవారు. నేను అప్పు చేసి ఆక్టోప్యాడ్ కొన్నాను. ఎనిమిది రబ్బరు పలకలు, రెండు కర్రలు. ఆర్నెల్లలో ముగ్గురు ఇంటికెళ్ళారు. ఢోలక్ వాయించే మావయ్య పూర్ణా మార్కెట్ దగ్గర కొబ్బరికాయల కొట్టు పెట్టుకున్నాడు. నేను కనపడితే కాయ ఇచ్చేవాడు, డబ్బులు తీసుకునేవాడు కాదు, అదే ఎక్కువ బాధ. ఆ రోజు గాజువాక నుంచి వ్యానులో వస్తుంటే ఇది తట్టింది: నా ప్యాడ్ మీద కర్రేస్తే వచ్చే ఢోలక్ దెబ్బ కూడా ఎవడో ఎక్కడో వాయించిందే కదా. వాడి పేరేంటో 30 ఏళ్ళలో ఒక్కసారి కూడా నేను అనుకోలేదు. తర్వాత మైనస్ ట్రాకులొచ్చాయి (గొంతు తీసేసి మ్యూజిక్ ఒక్కటే ఉండేవి), మా కీబోర్డు తమ్ముడు ఇప్పుడు ల్యాప్‌టాప్‌లో స్పేస్ బార్ నొక్కే ఉద్యోగం చేస్తున్నాడు. వాడి వంతు అయింది, ఇప్పుడు అన్నయ్య వంతు వచ్చింది.

ఆ రాత్రి లెక్కల సంగతి కూడా చెప్పాలి. కమిటీల్లో ట్రెజరర్ అనేవాడు ప్రోగ్రాం అయ్యే టైముకి ఎక్కడికి మాయమవుతాడో దేవుడికే తెలియాలి. పందిరి వెనకాల దొరికాడు. బ్యాలెన్స్‌లో రెండు పాటల డబ్బు తగ్గించి ఇచ్చాడు. "ఆ రెండూ మీరు పాడలేదు కదండీ" అన్నాడు. నేను గొడవకి దిగబోతే అన్నయ్య చెయ్యి పట్టుకుని ఆపాడు. కుర్రాణ్ణి పిలిచి, "బాబూ, ఆ పాట నాకు వాట్సాప్‌లో పంపు" అన్నాడు, అంతే. వ్యాన్‌లో ఎన్ఏడీ జంక్షన్ దాకా చెవిలో పెట్టుకుని విన్నాడు. ఎలా ఉందన్నయ్యా అంటే, "ఊపిరొకటి సరిగ్గా తీసుంటే అచ్చం ఆయనేరా" అన్నాడు.

ఈసారి చవితికి అదే కమిటీ ఫోన్ చేసింది. సింగర్ రానక్కర్లేదట, ఇంట్లో కూర్చుని పది కొత్త పాటలు మ్యూజిక్ లేకుండా ఉత్త గొంతుతో పాడి పంపితే చాలట, మిగతాది కుర్రాడు చూసుకుంటాడట. అన్నయ్య ప్రోగ్రాం రేటే చెప్పాను. "అదేటండీ, ఆయన పాడుతున్నట్టు ఎవరికీ తెలీదు కదా" అన్నారు అవతల్నుంచి. దానికైతే ఇంకో రెండు వేలు ఎక్స్‌ట్రా అన్నాను. బేరం ఇంకా తెగలేదు.