టచ్‌లైన్ అవతలి కోపం: రిఫరీ అయిన మా అమ్మాయికి ఒక లేఖ

చిరంజీవి అమ్మడికి పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివాను. మొన్నటి పన్నెండేళ్లలోపు పిల్లల ఫుట్‌బాల్ మ్యాచ్‌లో హాఫ్‌టైమ్ విజిల్ వేయగానే ఒక కోచ్ మైదానం మధ్యకు నడిచి వచ్చి, నీ ముఖానికి మూరెడు దూరంలో నిలబడి, పెనాల్టీ ఎందుకు ఇవ్వలేదని వేలు చూపిస్తూ నిలదీశాడని, మైదానం పక్క గీత (టచ్‌లైన్) అవతల ఉన్న తల్లిదండ్రులు చప్పట్లు కొట్టి అతన్ని ఇంకా ఎగదోశారని, నువ్వు ఏమీ అనలేక నీళ్ల సీసా తీసుకుని పక్కకు వెళ్లిపోయావని రాశావు. చివర్లో "నేను ఈ పనికి తగనేమో" అని ఒక వాక్యం రాసి కొట్టేశావు. కొట్టేసినా నాకు కనిపించింది. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడవుగా రాస్తున్నాను.

ముందుగా ఒక సంగతి తెలుసుకో. రిఫరీని నిలదీయడానికి కోచ్ మైదానంలోకి రావడం రెడ్ కార్డుకు తగిన తప్పని, హాఫ్‌టైమ్‌లో వచ్చినా ఆట ముగిశాక వచ్చినా అంతేనని ఫుట్‌బాల్ నియమావళిలోని 12వ నియమం స్పష్టంగా చెబుతోంది. ఆటగాళ్లకు కార్డులు చూపించడం 1970 ప్రపంచ కప్ నాటి నుంచి ఉన్నా, కోచ్‌లకూ జట్టు సిబ్బందికీ కార్డు చూపించే అధికారం 2019లో గానీ నియమావళిలో చేరలేదు. అంతకుముందు నాలాంటి రిఫరీలు కోచ్‌ను బయటికి పంపాలంటే నోటితోనే చెప్పాల్సి వచ్చేది; అతను వినలేదంటే వినలేదు, చూసేవాళ్లకు అదొక వాదనలా కనిపించేది. గొంతు పెంచకుండానే మాట చెల్లించుకునే సాధనం ఇప్పుడు నీ జేబులో ఉంది.

ఇన్నేళ్లలో నాకు బోధపడింది ఒక్కటే. అరిచేవాళ్లను అరుపుతో అదుపు చేయలేం, విననట్టు ఊరుకుని అంతకన్నా చేయలేం. మొదటి మాట పడ్డప్పుడే, నెమ్మదిగా, నియమం చూపిన మెట్టు మీద నిలబడి మాట్లాడితే చాలావరకు అక్కడే ఆగిపోతుంది.

ఊరుకుంటే ఏమవుతుందో నేను కళ్లారా చూశాను, తప్పు నాదే. పదేళ్ల పిల్లల మ్యాచ్. గోల్ వెనక ఒక తండ్రి నిలబడి, గోల్‌కీపర్‌గా ఆడుతున్న తన కొడుకుకు బంతి బంతికీ ఆదేశాలిస్తూ, మధ్యమధ్య నన్ను తిడుతున్నాడు. రిఫరీ అన్నవాడు ఇలాంటివి చెవిన వేసుకోకూడదని నాకు పని నేర్పినవాళ్లు చెప్పారు కనుక పట్టించుకోలేదు. రెండో సగంలో ఒక కార్నర్ కిక్‌కు ముందు ఆ పిల్లవాడి వైపు చూశాను. ఎడమ చేతి గ్లవ్ పట్టీని ఊడబీకుతున్నాడు, మళ్లీ అతికిస్తున్నాడు, మళ్లీ ఊడబీకుతున్నాడు. బంతి గాల్లోకి లేచాక కూడా వాడి చూపు బంతి మీద లేదు, భుజం మీదుగా తండ్రి వైపు ఉంది. గోల్ పడింది. బంతి తీయడానికి నెట్‌లోకి వెళ్లిన పిల్లవాడు, లేస్తే తండ్రి ముఖం చూడాల్సి వస్తుందని కాబోలు, అక్కడే మోకాళ్ల మీద ఉండిపోయాడు. నా మీద పడ్డ తిట్లను నేను ఓర్చుకోవచ్చు. ఆ పసివాడి మీద పడుతున్నవాటిని కూడా వాడి తరఫున ఓర్చుకునే హక్కు నాకెక్కడిది? మొదటి పది నిమిషాల్లోనే ఆట ఆపి, ఆయన్ని గోల్ వెనక నుంచి తప్పించి ఉంటే సరిపోయేది. అప్పటి నుంచి నేను మొదటి మాట దగ్గరే కదులుతాను.

అసలు పని ఆట మొదలుకాకముందే మొదలవుతుంది. కనీసం అరగంట ముందు చేరుకుని, ఇద్దరు కోచ్‌ల దగ్గరికీ నువ్వే వెళ్లి పలకరించు. జట్టుకు బాధ్యుడైన ప్రధాన కోచ్ ఎవరో అడిగి, ఆయన పేరు ఆయన ఎదుటే రాసుకో. బెంచీలు ఒక వైపు, తల్లిదండ్రులు ఎదుటి వైపు, గీతకు రెండు మీటర్లు వెనక ఉండేలా, గోల్ వెనక ఎవరూ లేకుండా చూడమని ఇద్దరికీ ఒకే మాట చెప్పు. లీగ్ నిబంధనల్లో వేరే ఏర్పాటు ఉంటే దాన్నే పాటించు. ఆట మధ్యలో ఈ మాట చెబితే కక్షగా తోస్తుంది, ముందే చెబితే ఏర్పాటుగా తోస్తుంది.

ఆట నడుస్తుండగా బెంచీ నుంచి గొణుగుడు మొదలైతే, ఆట ఆగే సమయం చూసుకుని, పరుగెత్తకుండా నడిచి వెళ్లు. నడకలోనే నీ ఊపిరి కుదుటపడుతుంది, అవతలి మనిషికీ చల్లబడే వ్యవధి దొరుకుతుంది. ఎదురెదురుగా కాకుండా కాస్త పక్కకు తిరిగి, రెండు చేతుల దూరంలో నిలబడు. వేలు చూపించకు. "కోచ్ గారూ, మీ అభ్యంతరం విన్నాను. ఇక ప్రతి నిర్ణయం మీదా వ్యాఖ్యానం వద్దు" అని చెప్పి, జవాబు కోసం ఆగకుండా తిరిగి వచ్చెయ్యి. ఆ తిరిగి రావడంలోనే అంతా ఉంది. నిలబడితే అతను ఇంకో మాట అంటాడు, నువ్వు ఇంకో మాట అంటావు, అక్కడితో రిఫరీ పోయి వాదించే మనిషి మిగులుతుంది. మళ్లీ మొదలైతే హెచ్చరికగా ఎల్లో కార్డు, ఆ తర్వాత కూడా ఆగకపోతే రెండో ఎల్లో, దాంతో బయటికి పంపే రెడ్. అయితే ప్రతిసారీ కింది మెట్టు నుంచే ఎక్కనక్కర్లేదు. వెటకారంగా చప్పట్లు కొట్టినా, నిరసనగా నీళ్ల సీసా విసిరినా నేరుగా ఎల్లో కార్డే. బూతులు తిట్టినా, ఎదుటి జట్టు బెంచీ మీదికి దురుసుగా వెళ్లినా, మొన్నటిలా నీ మీదికి మైదానంలోకి వచ్చినా నేరుగా రెడ్ కార్డే. బెంచీలో ఎవరు అన్నారో తెలియకపోతే, అక్కడున్న ప్రధాన కోచ్‌కే కార్డు చూపించాలని నియమం. అందుకే పేరు ముందే రాసుకోమన్నాను.

తల్లిదండ్రుల సంగతి వేరు. వాళ్లకు కార్డు చూపించే అధికారం రిఫరీకి లేదు, నేరుగా వాళ్లతో మాటల్లోకి దిగితే గెలుపూ లేదు. ఆట ఆపి కోచ్‌ను పిలిచి, "నీలం టోపీ పెట్టుకున్న ఆయనతో మీరు మాట్లాడండి, నేను ఇక్కడ వేచి ఉంటాను" అని చెప్పి, బంతిని చేతుల్లోకి తీసుకుని మధ్యలో నిలబడు. ఇరవై మంది పిల్లలు ఆట కోసం ఎదురుచూస్తూ నిలబడి ఉంటే, అప్పటిదాకా ఆయన పక్కన నిలబడి నవ్వినవాళ్లే ఆయన్ని ఊరుకోమంటారు. అప్పటికీ వినకపోతే, ఆయన మైదానం విడిచి వెళ్లేదాకా ఆట నిలిపివేయి. అదీ కుదరకపోతే మ్యాచ్‌ను అక్కడితో ఆపేసే అధికారాన్ని 5వ నియమం నీకే ఇచ్చింది. దాన్ని వాడితే పిల్లల ఆదివారం పాడవుతుందని వెనకాడకు. 2012 డిసెంబరులో నెదర్లాండ్స్‌లోని అల్మేరెలో కుర్రాళ్ల మ్యాచ్ అయ్యాక, కొడుకు ఆడుతున్నాడని స్వచ్ఛందంగా లైన్స్‌మన్‌గా (గీత పక్కన జెండాతో రిఫరీకి సాయపడేవాడిగా) నిలబడ్డ ఒక తండ్రిని ఎదుటి జట్టు వాళ్లు కొట్టారు. మర్నాడు ఆయన చనిపోయాడు. ఆ కేసులో శిక్ష పడినవారిలో కుర్రాళ్లతో పాటు వాళ్లలో ఒకరి తండ్రి కూడా ఉన్నాడు. నిన్ను భయపెట్టాలని ఇది రాయడం లేదు. ఆట ఆపేయాలని నీ మనసుకు తోచినప్పుడు, అది పిరికితనమేమోనన్న అనుమానం నీకు రాకూడదని రాస్తున్నాను.

గీత అవతలి అరుపుల్లో చాలావాటికి మూలం నియమం తెలియకపోవడమే. త్రో-ఇన్ (పక్క గీత దాటిన బంతిని చేతులతో లోపలికి విసరడం) నుంచి గానీ, గోల్ కిక్ నుంచి గానీ, కార్నర్ కిక్ నుంచి గానీ బంతి నేరుగా అందితే ఆఫ్‌సైడ్ (ఎదుటి గోల్ వైపు బంతి కన్నా, ఎదుటి జట్టు చివరి ఇద్దరి కన్నా ముందుండి ఆడటం) ఉండదు. అయినా ప్రతి త్రో-ఇన్‌కూ ఎవరో ఒకరు ఆఫ్‌సైడ్ అని అరుస్తారు. చేతికి తగిలిన ప్రతి బంతీ ఫౌల్ కాదు. ఆఫ్‌సైడ్ లెక్క బంతి అందిన క్షణానిది కాదు, తోటి ఆటగాడు బంతిని తన్నిన క్షణానిది. ఇవి నీకు నిద్రలో అడిగినా చెప్పగలిగేంతగా రావాలి. వాళ్లకు పాఠం చెప్పడానికి కాదు. అరుపు విన్నప్పుడు నీ లోపల నిర్ణయం కదలకుండా ఉండటానికి.

మరి నిజంగా నువ్వే పొరబడితే? ఆట తిరిగి మొదలుకాకముందు తెలిస్తే మార్చుకో, అందుకు నియమం ఒప్పుకుంటుంది. తిరిగి మొదలయ్యాక తెలిస్తే, కోచ్ మర్యాదగా అడిగినప్పుడు "నేను నిలబడిన చోటు నుంచి అది కనిపించలేదు" అని ఉన్నది ఉన్నట్టు చెప్పు. ఈ ఒక్క వాక్యం చల్లార్చినంతగా ఏ కార్డూ చల్లార్చలేదు. కానీ ఒక జట్టుకు జరిగిన పొరపాటును రెండో సగంలో ఇంకో ఫౌల్ ఇచ్చి సరిచేయాలని మాత్రం చూడకు. అది రెండో తప్పు. అడగడానికీ నిలదీయడానికీ తేడా నీకు తెలియాలి. అడిగే కోచ్‌కు జవాబు చెప్పడం బలహీనత కాదు.

పిల్లలతో మాత్రం మెత్తగా ఉండు. కోచ్ చేసేదే వాళ్లూ చేస్తారు. కెప్టెన్ ఒక్కరే వచ్చి మాట్లాడే పద్ధతిని 2024 నుంచి చాలా పోటీల్లో అమలు చేస్తున్నారు. మీ లీగ్‌లో ఉంటే వాడుకో, చిన్నవాళ్లకు అది ఇట్టే అలవాటవుతుంది. ఇంగ్లండ్‌లో దిగువ స్థాయి మ్యాచ్‌లలో నిర్ణయం మీద గొడవపడ్డ ఆటగాణ్ణి పది నిమిషాలు బయట కూర్చోబెడతారు. నాకు నచ్చిన శిక్ష అది. పిల్లవాడు తిరిగి ఆడతాడు, కోచ్‌కు మాత్రం ఆ పది నిమిషాలూ తెలిసివస్తాయి.

నీకింకా పద్దెనిమిది నిండలేదు. పెద్దవాడొకడు మైనర్ మీదికి వేలు చూపిస్తూ రావడం ఆటలో మామూలు విషయమని ఎవరు చెప్పినా నమ్మకు. మీ లీగ్‌లో పిల్లల రక్షణ చూసే బాధ్యులు ఎవరో కనుక్కుని, జరిగింది వాళ్లకూ తెలియజెయ్యి. ఇకమీదట మ్యాచ్ అయ్యాక బండి దగ్గరికి ఒంటరిగా నడవకు. ఆ సాయంత్రం వచ్చే మెసేజ్‌లకు జవాబివ్వకు, నీవైపు కథను ఎక్కడా పోస్ట్ చేయకు.

నువ్వు నివేదిక ఇంకా పంపలేదన్నావు. అక్కడ చూపించని కార్డును ఇప్పుడు చూపించలేవు గానీ, జరిగింది రాయడానికి అడ్డేమీ లేదు. ఈ రాత్రే కూర్చుని రాయి. "చాలా కోపంగా, అవమానకరంగా ప్రవర్తించారు" అని రాయకు. అది నీ అభిప్రాయం, దాన్ని ఎవరైనా కాదనగలరు. ఎన్నో నిమిషంలో పెనాల్టీ అడిగారు, హాఫ్‌టైమ్ విజిల్ తర్వాత ఎంత దూరం లోపలికి వచ్చారు, నీకు ఎంత దగ్గరగా నిలబడ్డారు, ఏ చేతి వేలు చూపించారు, ఏ మాటలు అన్నారో ఆ మాటలే యథాతథంగా, దగ్గర్లో ఎవరున్నారు, ఈ వరుసలో రాయి. కార్డు ఎందుకు చూపించలేదన్న చోట "ఆ సమయంలో నియమం నాకు గుర్తుకు రాలేదు" అని నిజమే రాయి. గడువు దాటకముందు పంపేయాలి కనుక, రాసిన ప్రతిని రేపు పొద్దున్నే నాకు పంపు. నేను చూసి మధ్యాహ్నంలోపు తిరిగి పంపుతాను.

ఇట్లు,
మీ పెదనాన్న