జాన్ వాల్టన్ ఎవరు? నరాల వైద్యుడికి ప్రభువుల సభలో పనేమిటి?

వాల్టన్ అనే బ్రిటిష్ న్యూరాలజిస్టు ఏం చేశారు, లార్డ్ ఎలా అయ్యారు అని అడిగారు. నేను వైద్యుణ్ణి కాను. ఆయన పేరు నాకు మా మేనకోడలి జబ్బు వల్ల తెలిసింది. కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

మా అక్కను మేనమామకే ఇచ్చారు. వాళ్ల అమ్మాయికి పన్నెండో ఏట మెట్లెక్కడం కష్టమైంది. కింద కూర్చుని భోంచేశాక లేవాలంటే ముందు రెండు చేతులూ నేలకు ఆనించి, తర్వాత మోకాళ్లు పట్టుకుని, తొడల మీదుగా చేతులు జరుపుకుంటూ, తన ఒంటినే నిచ్చెన చేసుకుని లేచేది. బద్ధకమని తిట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. రక్తపరీక్షలో సీపీకే (కండరాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైము) వేలల్లో వచ్చింది. మొదట చూసిన డాక్టరు, ఇది కండరాలు క్షీణించే జబ్బు, తల్లి నుంచి వస్తుంది అని రెండు ముక్కల్లో తేల్చేశారు. ఇక ఇంట్లో అక్కకు నిలువనీడ లేకుండా పోయింది. "మా వంశంలో ఇలాంటిది లేదు" అని అత్తగారి సాధింపు. ఆ అత్తగారు మాకు స్వయానా అమ్మమ్మ! కోడలిలో సగం తన వంశమేనన్న సంగతి ఆవిడకు తట్టలేదు, చెప్పే ధైర్యం మాకూ లేకపోయింది.

ఆరు నెలల తర్వాత ఒక పెద్ద న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లాం. ఆయన పిల్లను నేల మీద కూర్చోబెట్టి లేవమన్నారు. అక్కాబావల చుట్టరికం అడిగారు. తొడ కండరం నుంచి చిన్న ముక్క తీయించి పరీక్షకు పంపారు. ఫలితం వచ్చాక ఆయన చెప్పింది ఇది: తల్లి ద్వారా సంక్రమించే డ్యూషెన్ రకం దాదాపుగా మగపిల్లలకే వస్తుంది. మా అమ్మాయిది లింబ్ గర్డిల్ రకం, తుంటి, భుజాల కండరాల దగ్గర మొదలవుతుంది. ఇందులో ఎక్కువ భాగం తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి లోపమున్న జన్యువులు కలిస్తేనే బయటపడుతుంది. మేనరికాల్లో ఆ అవకాశం పెరుగుతుంది. "మీ అక్కది ఎంత తప్పో మీ బావదీ అంతే తప్పు, అంటే ఎవరిదీ కాదు" అన్నారు. ఈ రెండు రకాలనూ విడదీసి చూపినవాళ్లెవరని అడిగితే వాల్టన్ పేరు చెప్పారు. 1989లో ఢిల్లీలో జరిగిన ప్రపంచ న్యూరాలజీ మహాసభలో ఆయన్ను దూరం నుంచి చూశారట.

వాల్టన్ 1922లో ఇంగ్లండులోని డరమ్ బొగ్గు గనుల ప్రాంతంలో, రోలండ్స్ గిల్ అనే ఊళ్లో పుట్టారు. తల్లిదండ్రులు బడిపంతుళ్లు. 1945లో న్యూకాజిల్‌లో వైద్యపట్టా పుచ్చుకున్నారు. 1954లో గురువు నాట్రస్‌తో కలిసి రాసిన వ్యాసంలో, అప్పటిదాకా కలగాపులగంగా ఉన్న కండరాల జబ్బులను డ్యూషెన్, ముఖం–భుజాల రకం, లింబ్ గర్డిల్ అని ప్రధానంగా మూడు కుప్పలు పోశారు. జన్యుపరీక్షలు లేని కాలమది. జబ్బు ఏ వయసులో మొదలైంది, ఏ కండరం ముందు పడిపోయింది, ఇంట్లో ఇంకెవరికి ఉంది అని అడిగి, చూసి, రాసుకోవడమే సాధనం. ఆ మూడో కుప్పలో నిజానికి పదుల కొద్దీ వేర్వేరు జబ్బులున్నాయని తర్వాత తేలింది. అయినా మా ఇంటికి ఆ కుప్పే చాలింది.

పదవుల చిట్టా పెద్దదే, గబగబా చెప్పేస్తాను. న్యూకాజిల్‌లో ప్రొఫెసరు, 1971 నుంచి పదేళ్లు డీన్, 1979లో నైట్ బిరుదు (సర్), 1982 నుంచి 1989 దాకా బ్రిటన్ వైద్యుల నమోదు చూసే జనరల్ మెడికల్ కౌన్సిల్ అధ్యక్షుడు, తర్వాత 1997 వరకు ప్రపంచ న్యూరాలజీ సమాఖ్య అధ్యక్షుడు. 1989లోనే జీవితకాల పీరేజీ (ప్రభువు హోదా) ఇచ్చి బ్యారన్ వాల్టన్ ఆఫ్ డెచంట్ చేశారు. అది తాతల నాటి జమీందారీ కాదు, కొడుక్కి దక్కదు. (ఆయనకు ముందే 1962లో బ్యారన్ అయిన న్యూరాలజిస్టు ఇంటిపేరు బ్రెయిన్. నిజంగానే!)

ఆ హోదాతోనే బ్రిటన్ పార్లమెంటు ఎగువసభ అయిన ప్రభువుల సభలో చోటు దక్కింది. అక్కడ ఏ పార్టీలోనూ చేరలేదు. హిల్స్‌బరో స్టేడియం తొక్కిసలాటలో స్పృహ కోల్పోయిన టోనీ బ్లాండ్‌కు గొట్టం ద్వారా ఇచ్చే ఆహారం ఆపవచ్చని 1993లో తీర్పు వచ్చింది. ఆ నేపథ్యంలో ప్రభువుల సభ వేసిన వైద్యనీతి కమిటీకి ఆయనే అధ్యక్షుడు. కారుణ్య మరణాన్ని చట్టబద్ధం చేయవద్దని ఆ కమిటీ 1994లో చెప్పింది. పిండాలపై పరిశోధనకు మాత్రం ఆయన గట్టి మద్దతుదారు.

నాకు బాగా నచ్చింది చివరి అధ్యాయం. కణాలకు శక్తినిచ్చే మైటోకాండ్రియా జన్యువులు తల్లి నుంచే వస్తాయి, వాటి జబ్బులూ తల్లి నుంచే. ఆరోగ్యవంతురాలైన మరో స్త్రీ అండం సాయంతో ఆ గొలుసు తెంచే పద్ధతిని న్యూకాజిల్‌లో అభివృద్ధి చేశారు. 2015లో దానికి చట్టం అనుమతి వచ్చేనాటికి, ఆ పక్షాన వాదించిన వాల్టన్‌కు 92 ఏళ్లు. మరుసటి ఏడాది పోయారు. ఆ పద్ధతిలో 8 మంది పిల్లలు పుట్టారని 2025లో ప్రకటించారు. ఆ వార్త అక్కకు ఫోనులో చదివి వినిపిస్తే, ఎవరి సంగతీ అడగలేదు. "ఆ తల్లులు బాగున్నారా?" అంది.