పురిటికి ఆ ఇంటికే వెళ్లాలా?

ప్రశ్న: నాకు 26 ఏళ్లు. తొలి కాన్పు, ఆరో నెల. చిన్నప్పుడు నాన్న తాగొచ్చి అమ్మను కొట్టేవాడు, అడ్డం వెళ్తే నన్నూ. తమ్ముడు పుట్టిన వారానికే అమ్మకు మతి చలించి ఆస్పత్రిలో ఉంచారు. ఇప్పుడు బాగానే ఉంది. నాన్న తాగుడు మానలేదు. రెండు నెలలుగా నాకు సరిగా నిద్ర లేదు, ఊరికే ఏడుపొస్తోంది. రాత్రి గేటు గొళ్లెం చప్పుడైతే, వచ్చింది మా ఆయనేనని తెలిసినా చెమటలు పడుతున్నాయి. ‘వాళ్లమ్మ రక్తమేగా’ అంటున్నారు అత్తగారు. వచ్చే నెల పురిటికి పుట్టింటికి వెళ్లాలి. నాకూ అమ్మలాగే అవుతుందా?
- ఓ సోదరి, పల్నాడు జిల్లా

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో ఆ గొళ్లెం దగ్గరే ఆగిపోయాను. ఏళ్ల తరబడి ఆ చప్పుడు వెనకే దెబ్బలొచ్చాయి. మీ ఒళ్లు ఇంకా వాటికే కాచుకుని ఉంది. చిన్నతనంలో నాలుగైదు రకాల కష్టాలు పడ్డవాళ్లలో డిప్రెషన్ చాలా ఎక్కువని 1998లో అమెరికాలో వెలువడిన ఓ పెద్ద అధ్యయనం తేల్చింది. కడుపుతో ఉన్నప్పుడు అలాంటి పాత భయాలు మళ్లీ పైకి రావడం మేం తరచూ చూస్తాం.

ఇక రక్తం మాట. డిప్రెషన్‌లో వంశపారంపర్యం వాటా సుమారు 40 శాతమని కవలల మీద చేసిన పరిశోధనలు చెబుతున్నాయి. అంటే మీకొచ్చే అవకాశం 40 శాతమని అర్థం కాదు, మనిషికీ మనిషికీ ఉండే తేడాలో జన్యువుల పాలు అంత అని. పైగా ఇది డిప్రెషన్ లెక్క, అమ్మగారికొచ్చిన జబ్బుది కాదు. అయినా దెబ్బలు తప్పని ఇంట్లో, మీ అమ్మగారి జబ్బులో రక్తం పాలెంతో, ఆ దెబ్బల పాలెంతో ఎవరు విడదీయగలరు? ఈ సంగతి అత్తగారికి మీ ఆయన చేత చెప్పించండి.

అమ్మగారి జబ్బు గురించి మాత్రం మీ గైనకాలజిస్టుకు దాచకుండా చెప్పండి. కాన్పయ్యాక వచ్చే ఆ తీవ్రమైన జబ్బు ఎక్కువగా మొదటి రెండు వారాల్లోనే బయటపడుతుంది. ముందే తెలిస్తే డాక్టర్లు కనిపెట్టుకుని ఉంటారు. ఆ రోజుల్లో రాత్రిపూట బిడ్డను ఇంకొకరు చూసుకుని మీకు నిద్ర దక్కేలా చూడాలి. ఇప్పటి ఏడుపు, నిద్రలేమికి పది ప్రశ్నల చిన్న పరీక్ష ఉంది, అడిగి చేయించుకోండి. చాలామందికి కౌన్సెలింగ్‌తోనే తేలికపడుతుంది. అవసరమైతే గర్భిణులకు ఇవ్వదగ్గ మందులూ ఉన్నాయి. చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా మీ ఆయన్ని లేపి ఆస్పత్రికి వెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

మీరు అడగకుండా వదిలేసిన ప్రశ్న ఒకటుంది: పుట్టింటికి వెళ్లాలా? వద్దమ్మా. తొలి కాన్పు పుట్టింట్లో జరపడం తల్లి దగ్గర కూతురికి విశ్రాంతి దొరుకుతుందని పెట్టుకున్న ఆచారం. మీ నాన్న తాగి తలుపు తట్టే ఇంట్లో మీకా విశ్రాంతి ఎక్కడిది? శ్రీమంతం ఘనంగా చేయించుకోండి. సారె తెస్తే పుచ్చుకోండి. పురుడు మాత్రం మీ ఇంట్లోనే పోసుకోండి. అమ్మగారిని మీ దగ్గరికే రప్పించుకోండి, ఆవిడకూ నాలుగు నెలలు ఆ గొళ్లెం చప్పుడు తప్పుతుంది.