సబ్బాతు రాత్రి ఏ రాత్రి?

సందేహం: ఒక అనువాదంలో 'సబ్బాతు రాత్రి భోజనం' అని రాసి, పక్కన 'శనివారం రాత్రి' అని వివరణ ఇచ్చాను. మిత్రుడొకరు దాన్ని శుక్రవారంగా దిద్దారు. ఇంతకీ విశ్రాంతి దినమంటే ఆదివారం కాదా?

సమాధానం: మీ మిత్రుడు దిద్దిందే ఒప్పు. సబ్బాతు అంటే యూదులు పని మానే ఏడో రోజు, శనివారం; అయితే దాని రాత్రి ముందే వస్తుంది. మనకు పొద్దు పొడిస్తే రోజు మారుతుంది. అందుకే శుక్రవారం నడిరాత్రి దాటినా 'తెల్లవారితే శనివారం' అంటాం. యూదులకు పొద్దు గూకితే రోజు మారుతుంది. తెలుగు బైబిలు మొదటి అధ్యాయంలోనే 'అస్తమయమును ఉదయమును కలుగగా ఒక దినమాయెను' అని ఉంది. ముందు అస్తమయం, తరవాత ఉదయం. అంటే రాత్రి వాళ్ళ రోజుకు తల, మన రోజుకు తోక. హీబ్రూ 'లేల్ షబ్బాత్'ను మాటకు మాట తెలుగు చేస్తే మీరు పడ్డ గోతిలోనే పడతాం. సబ్బాతు వచ్చాక నిప్పు రాజేయకూడదు కనక, శుక్రవారం పొద్దు గూకడానికి 18 నిమిషాల ముందే దీపాలు వెలిగించడం చాలా ఇళ్ళలో వాడుక. మర్నాడు చీకటిపడి మూడు చుక్కలు కనబడేదాకా సబ్బాతే. 'శుక్రవారం రాత్రి సబ్బాతు భోజనం' అని రాయండి, వివరణే అక్కర్లేదు.

'విశ్రాంతి దినం' బైబిలు అనువాదంతో స్థిరపడ్డ మాట. తెలుగు క్రైస్తవుల్లో ఎక్కువమంది దాన్ని ఆదివారానికి వాడతారు, అది వాళ్ళ వాడుక. యూదుల విషయం రాసేటప్పుడు 'సబ్బాతు' అంటేనే మేలు. పైగా ఆ హీబ్రూ ధాతువుకు అర్థం పని ఆపడమే గాని నడుం వాల్చడం కాదు. ఇంకో ముచ్చట: మనకు శనిగ్రహం వారానికి పేరు పెట్టింది, హీబ్రూలో సబ్బాతే గ్రహానికి 'షబ్బతాయ్' అని పేరు పెట్టింది.

సబ్బాతుకు తిథితో పనిలేదు, ఏడో రోజైతే చాలు. పండుగలకు తిథే ముఖ్యం. అయినా సబ్బాతు వాటినీ కదుపుతుంది: ప్రాయశ్చిత్త దినపు ఉపవాసం శుక్రవారంగాని ఆదివారంగాని పడితే వరసగా రెండు రోజులు పొయ్యి వెలగదు. అలా పడకుండా అవసరమైతే ఆ నెల మొదలయ్యే సంవత్సరాదినే ఒకరోజు వాయిదా వేస్తారు.

యూదుల పంచాంగంలోని అదనపు నెలను నిరభ్యంతరంగా 'అధికమాసం' అనవచ్చు. 19 ఏళ్ళలో 7 సార్లు వస్తుంది. మనకు ఒక్కోసారి ఒక్కో నెలకు వస్తే, వాళ్ళకు ఎప్పుడూ అదారు నెలకే. 2024లో అలాగే వచ్చి, నీసాను నెల 15న మొదలయ్యే పస్కా పండుగ ఏప్రిల్ 23 మంగళవారం, మన చైత్ర పున్నమినాడే పడింది. తొలి విందు మాత్రం 22 సోమవారం రాత్రే. పస్కా గురించి రాసేటప్పుడూ ఆ ఒక్క రాత్రినీ సరిచూసుకోండి.