సియాటిల్‌లో అక్టోబర్, నవంబర్‌లో కయాకింగ్ (సన్నటి చిన్న పడవని తెడ్డుతో నడపడం) ప్రాక్టీస్ ఆపేయాలా? మణికట్టు, భుజం నొప్పులు ఉంటే ఎలా?

ఆపక్కర్లేదండీ, కానీ ఎండాకాలం ప్లానే కంటిన్యూ చేస్తానంటే కుదరదు. సియాటిల్ పక్కనున్న లేక్ వాషింగ్టన్ సరస్సు ఉత్తరం దక్షిణంగా పొడుగ్గా ఉంటుంది కదా, ఈ సీజన్‌లో తుఫాను గాలి ఎక్కువగా దక్షిణం నుంచే వీస్తుంది, అడ్డేమీ లేక అలలు బాగా పెరిగిపోతాయి. అందుకే ముందు గాలికి ఎదురెళ్ళండి, అలిసిపోయి తిరిగొచ్చేటప్పుడు అదే గాలి వెనకనుంచి తోస్తుంది.

బట్టలు బయట చలిని బట్టి కాదు, నీళ్ళ చలిని బట్టి వేసుకోవాలి. 15 డిగ్రీల సెల్సియస్ కన్నా చల్లటి నీళ్ళలో పడితే మొదటి నిమిషం ఊపిరి మీద కంట్రోల్ ఉండదు, ఎంత ఈతొచ్చినా అంతే, కాసేపటికి వేళ్ళు మొద్దుబారిపోతాయి. లైఫ్ జాకెట్ లేకుండా దయచేసి దిగొద్దు.

ఇక నొప్పులు. చలికి తెలీకుండానే ప్యాడిల్‌ని (తెడ్డుని) బిగించి పట్టేస్తాం, మణికట్టు నొప్పికి చాలాసార్లు అదే కారణం. తోసే చేతి వేళ్ళు కాస్త వదులుగా తెరిచి, మణికట్టు వంగకుండా ముంజేతికి తిన్నగా ఉంచండి. భుజానికైతే చేత్తో లాగడం మానేసి ఛాతీ నడుము కలిపి తిప్పాలి, మోచెయ్యి భుజం కన్నా పైకి పోనివ్వద్దు. మర్నాటికి తగ్గిపోయే నొప్పైతే దూరం సగం చేసుకుని వెళ్ళండి, తిమ్మిరి ఉన్నా రాత్రి నిద్ర చెడినా ఫిజియోథెరపిస్ట్‌కి చూపించాల్సిందే.

నవంబర్ మొదటి ఆదివారం అమెరికాలో గడియారం గంట వెనక్కి జరిగాక ఆఫీస్ అయ్యేసరికి చీకటే, కాబట్టి వీక్‌డేస్‌లో జిమ్‌లో కేబుల్ రోయింగ్ (బరువు కట్టిన కేబుల్‌ని ఒంటివైపు లాగడం), ప్లాంక్ (మోచేతులు, కాలివేళ్ళ మీద ఒళ్ళు తిన్నగా నిలపడం) చేసుకుని నీళ్ళ మీదకి శనాదివారాలు వెళ్తే సరిపోతుంది.