మెడ ఆపరేషన్ తప్పదా?

ప్రశ్న: తిరుపతిలో జాకెట్లు కుడతాను. వయసు 46. మెడనొప్పి కుడిచేతి బొటనవేలి దాకా లాగుతోంది, తిమ్మిరి. సీ5–సీ6 (మెడలో ఐదో, ఆరో ఎముకల మధ్య) డిస్క్ నరాన్ని నొక్కుతోందట. ఎముకలు కలిపేసే ఆపరేషన్ చేయాలన్నారు. కుట్టుపని పోతుందేమోనని టెన్షన్.

జవాబు: అమ్మా, సూదిలో దారం ఎక్కించగలుగుతున్నారా? హుక్కులు పెట్టుకోగలుగుతున్నారా? నాకు స్కాన్ కన్నా ఇదే ముఖ్యం. పట్టు తగ్గకుండా నొప్పి, తిమ్మిరి మాత్రమే ఉంటే తొందరపడకండి. చాలామందికి మందులు, ఫిజియోథెరపీతో కొన్ని వారాల్లోనే నెమ్మదిస్తుంది. నడకలో తూలినా, చేతుల్లో పట్టు సడలినా, మూత్రం ఆపుకోలేకపోయినా ఒక్కరోజు కూడా ఆగొద్దు, వెన్నుపాము నలుగుతుండొచ్చు. ఆపరేషన్‌లో బిగుసుకునేది ఆ ఒక్క కీలే. తల పక్కకు తిప్పడంలో దాదాపు సగం పుర్రె కిందున్న పైకీళ్లదే, అవి అలాగే ఉంటాయి. కానీ ఎముక అతకడానికి నెలలు పడుతుంది, ఆ నెలల ఆదాయం లెక్క ముందే చూసుకోండి. మీ తిరుపతిలోని స్విమ్స్ ఆసుపత్రి న్యూరోసర్జరీలో ఎమ్మారై చూపించి రెండో అభిప్రాయం తీసుకోండి.