సంతకం అమ్మదే కావాలి

ప్రశ్న: మా అమ్మగారికి 58 ఏళ్లు. రొమ్ము క్యాన్సర్ అని ఈ మధ్యే తేలింది. జబ్బు పేరు ఆమెకు ఇంకా చెప్పలేదు. గడ్డ తీసేస్తారని మాత్రమే చెప్పాం. రెండు రకాల చికిత్సల్లో ఏది మెరుగో తేల్చే క్లినికల్ ట్రయల్ జరుగుతోందని, ఇష్టమైతే చేరవచ్చని ఆస్పత్రిలో అన్నారు. ఎవరికి ఏ చికిత్స అన్నది డాక్టరు కాకుండా కంప్యూటరు నిర్ణయిస్తుందట. ‘మనుషుల మీద ప్రయోగాలు చేస్తారు, ఒప్పుకోవద్దు’ అని మా మేనమామ పట్టుబడుతున్నారు. అమ్మ తరఫున నేను సంతకం పెట్టవచ్చా? అసలు చేర్చడం మంచిదేనా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: సంతకం సంగతి ముందు చెబుతాను. మీ అమ్మగారు స్పృహలో ఉండి, విషయం విని అర్థం చేసుకోగల స్థితిలో ఉన్నంతకాలం ఆమె తరఫున మీరు గానీ, మీ నాన్నగారు గానీ, మరెవరు గానీ సంతకం పెట్టడానికి వీల్లేదు. చిన్నపిల్లలు, స్పృహ లేనివారు, తమంతట తాము సమ్మతి చెప్పలేని స్థితిలో ఉన్నవారి విషయంలోనే చట్టం మరొకరి సంతకానికి చోటిచ్చింది. కాబట్టి ట్రయల్‌లో చేరాలా వద్దా అన్న ప్రశ్న కంటే ముందు, జబ్బు పేరు ఆమెకు చెప్పాలా వద్దా అన్న ప్రశ్న మీ ఇంట్లో తేలాలి. మన ఇళ్లలో క్యాన్సర్ మాటను రోగి చెవిన పడనీయకపోవడం ప్రేమతో చేసే పనే అయినా, తనకు ఏ జబ్బు ఉందో తెలియని మనిషి ఆ జబ్బుకు జరిగే ట్రయల్‌కు ఇచ్చే సమ్మతికి అర్థం ఉండదు. డాక్టరుగారిని అడిగితే, తొందర లేకుండా, మీరంతా పక్కన ఉండగా ఆయనే చెబుతారు. చాలామంది తల్లులు బిడ్డలు అనుకున్న దానికంటే ధైర్యంగానే ఆ మాట వింటారని నా నమ్మకం.

మీ మేనమామగారి భయాన్ని కొట్టిపారేయకండి. 2009లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నిరోధించే హెచ్‌పీవీ టీకా వేశారు. నిర్వాహకులు దాన్ని ట్రయల్ అనలేదు, ప్రదర్శక కార్యక్రమం అన్నారు. కానీ ఎన్నో సమ్మతి పత్రాల మీద తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారని తర్వాత బయటపడింది. కేంద్రం 2010లో ఆ కార్యక్రమాన్ని నిలిపివేసింది, 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. ఆ టీకా ప్రపంచమంతటా వాడుకలో ఉన్న మంచి టీకా. తప్పు జరిగింది సమ్మతి తీసుకోవడంలో. ఆ గిరిజన బాలికల తల్లిదండ్రులకు దక్కని గౌరవం మీ అమ్మగారికి దక్కాలన్నదే సంతకం గురించి నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం.

ఇక కంప్యూటరు సంగతి. ఏ చికిత్స మెరుగో డాక్టర్లకు నిజంగా తెలియనప్పుడే ఇలాంటి ట్రయల్ చేయడం న్యాయం. తెలిసి కూడా కొందరికి తక్కువ చికిత్స ఇవ్వడం నేరంతో సమానం. తెలియనప్పుడు ఎంపికను డాక్టరుకే వదిలితే, తనకు తెలియకుండానే ఆయన గట్టిగా ఉన్న రోగులకు ఒక చికిత్స, నీరసించినవారికి మరొకటి ఇస్తారు. చివరికి కోలుకున్నది చికిత్స వల్లనా, ముందు నుంచీ ఉన్న బలం వల్లనా అన్నది తేలదు. చీటీ తీసినట్టు ఎవరి ప్రమేయం లేకుండా పంచితే రెండు వర్గాలూ వయసులో, జబ్బు తీవ్రతలో, అన్నిటా దాదాపు ఒకేలా ఉంటాయి. ఆ తర్వాత కనిపించే తేడా చికిత్స తెచ్చిన తేడాయే.

మీ అమ్మగారి జబ్బుకే సంబంధించిన ఒక ఉదాహరణ చూడండి. రొమ్ము క్యాన్సర్ గడ్డను తొలగించే ముందు దాని చుట్టూ మామూలు మత్తు ఇంజక్షన్, అంటే పళ్ల డాక్టర్లు కూడా వాడే లిగ్నోకైన్, ఇస్తే ఆపరేషన్ సమయంలో క్యాన్సర్ కణాలు వ్యాపించకుండా ఉంటాయేమోనన్న ఆలోచనతో ముంబయిలోని టాటా మెమోరియల్ కేంద్రం వైద్యులు దేశంలోని 11 ఆస్పత్రుల్లో ట్రయల్ జరిపారు. సుమారు 1,600 మంది మహిళలు చేరారు. సగం మందికి ఆ ఇంజక్షన్ ఇచ్చి ఆపరేషన్ చేశారు, మిగతా సగానికి ఇంజక్షన్ లేకుండా చేశారు. ఐదేళ్ల తర్వాత జీవించి ఉన్నవారు ఇంజక్షన్ లేని వర్గంలో 86.4 శాతం, ఇంజక్షన్ తీసుకున్న వర్గంలో 90.1 శాతం అని 2023లో ప్రచురించారు. అంత చవకైన మందుకు అంత ఫలితం ఉంటుందని ఊహతో ఎవరూ చెప్పలేరు. పేరెరుగని ఆ మహిళలు సరేనన్నందువల్లే అది తెలిసింది, వారికి మనమంతా రుణపడి ఉన్నాం.

అలాగని మీ అమ్మగారు చేరి తీరాలని నేను అనను. ఆస్పత్రివారు ఇచ్చే సమాచార పత్రం తెలుగులో ఉండాలి, లేకపోతే అడగండి. ట్రయల్‌లో లేనివారికి ఇప్పుడు ఇస్తున్న చికిత్స ఏది, ట్రయల్ వల్ల అదనంగా ఎన్నిసార్లు ఆస్పత్రికి రావాలి, ఏయే పరీక్షల ఖర్చు ఎవరు భరిస్తారు, ట్రయల్ కారణంగా హాని జరిగితే వైద్యం, పరిహారం ఎవరి బాధ్యత అన్నవి విడివిడిగా అడిగి తెలుసుకోండి. ఈ విషయాల్లో 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు రోగికి స్పష్టమైన హక్కులు ఇచ్చాయి. అమ్మగారికి చదవడం రాకపోతే, ట్రయల్‌తో సంబంధం లేని సాక్షి ఒకరు మొదటి నుంచీ పక్కన ఉండి వినాలి. సంతకమైన పత్రం నకలు ఒకటి మీ ఇంటికి రావాలి. చేరిన తర్వాత ఎప్పుడైనా, కారణం చెప్పకుండా తప్పుకోవచ్చు; మామూలుగా అందాల్సిన చికిత్స అందుతూనే ఉండాలి. ‘చేరకపోతే ఆపరేషన్ ఆలస్యమవుతుంది’ అన్న మాట ఎవరి నోటి నుంచి వచ్చినా, ఆ ఆస్పత్రి ఎథిక్స్ కమిటీకి, అంటే ట్రయల్ న్యాయంగా జరుగుతోందా అని చూసే సంఘానికి, రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. కమిటీ ఫోన్ నంబరు ఆ పత్రంలోనే ఉంటుంది.

ప్రశ్న: ట్రయల్‌లో సగం మందికి మందే లేని ఉత్తుత్తి మాత్ర ఇస్తారని విన్నాను. ఆ సగంలో పడితే నష్టపోయినట్టే కదా?
– ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: పనిచేసే చికిత్స ఇప్పటికే ఉన్న జబ్బుల్లో, దాన్ని మాన్పించి ఉత్తుత్తి మాత్రతో సరిపెట్టడానికి ఎథిక్స్ కమిటీ మామూలుగా ఒప్పుకోదు. అందరికీ మామూలు చికిత్స ఇస్తూ, దానికి తోడుగా ఒక వర్గానికి కొత్త మందు, మరో వర్గానికి ఉత్తుత్తి మాత్ర ఇవ్వడం ఎక్కువగా చూస్తాం. కొత్తది దక్కనివారు నష్టపోయారనుకోవడం కూడా సరికాదు. 2020లో కోవిడ్ రోగుల బంధువులు, జబ్బు నుంచి కోలుకున్నవారి రక్తం నుంచి తీసే ప్లాస్మా అనే ద్రవాన్ని ఇచ్చే దాతల కోసం ఫోన్లు పట్టుకుని ఎంత తిరిగారో మీకు గుర్తుండే ఉంటుంది. అదే సమయంలో భారత వైద్య పరిశోధన మండలి 39 ఆస్పత్రుల్లో 464 మంది మీద ట్రయల్ జరిపింది. ప్లాస్మా ఎక్కించిన వర్గంలోనూ, మామూలు చికిత్స మాత్రమే అందిన వర్గంలోనూ మరణాలు గానీ, జబ్బు ముదరడం గానీ చెప్పుకోదగ్గ తేడా లేకుండా ఉన్నాయి. 2021 మే నెలలో ప్లాస్మాను చికిత్స మార్గదర్శకాల నుంచి తొలగించారు.

ప్రశ్న: ‘కీళ్లవాతానికి కొత్త మందు, ట్రయల్‌లో చేరడానికి 2,000 రూపాయలు కట్టండి’ అని ఫోన్‌కు సందేశం వచ్చింది. నమ్మవచ్చా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: నమ్మవద్దు, డబ్బు కట్టవద్దు. నిజమైన ట్రయల్‌లో పేరు నమోదుకు రోగి నుంచి రుసుము తీసుకోరు. మన దేశంలో 2009 జూన్ 15 నుంచి ప్రతి ట్రయల్‌నూ మొదటి రోగిని చేర్చుకోక ముందే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఇండియాలో నమోదు చేయడం తప్పనిసరి. ఆ సందేశం పంపినవారిని రిజిస్ట్రీ నంబరు అడగండి. దాన్ని రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా వెతకవచ్చు. ఏ ఆస్పత్రిలో, ఏ డాక్టరు ఆధ్వర్యంలో జరుగుతోంది, రోగులను ఇంకా చేర్చుకుంటున్నారా అన్నది అక్కడ ఉంటుంది. నంబరు చెప్పలేకపోతే ఆ సందేశాన్ని సైబర్ నేరాల ఫిర్యాదు నంబరు 1930కి తెలియజేయండి.